జీపునకు ఆయువు: వయస్సా, సంరక్షణయా?

(కరోల్ బాగ్‌లో రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)

ప్రతి నెలాఖరున మన రెండు శాఖలలోను కొందరు మిత్రులు పూలదండలతో ఇంటికి మరలుచున్నారు. ముప్పది, ముప్పదియైదు సంవత్సరములు ఢిల్లీలో పనిచేసి, పిల్లల చదువులు ముగించి, స్వగ్రామమునకు పోయి ఉన్న కొద్దిపాటి భూమిని చూచుకొనవలెనని వారి కోరిక. అట్టివారిలో పలువురు మమ్ము అడుగుచున్న ప్రశ్న ఒకటి కలదు. “ఢిల్లీలో పాత జీపు చౌకగా దొరకుచున్నది గదా, కొని ఊరికి తీసికొనిపోవచ్చునా? అది ఎంతకాలము నడచును?” అని వారు అడుగుచున్నారు.

కార్మిక సంఘపు వేదికపై మోటారు బండ్ల ప్రసంగమేమిటని కొందరికి తోచవచ్చును. గ్రాట్యుటీ సొమ్ము జీవితములో ఒక్కసారి వచ్చును. దానిలో ఒక భాగమును ఇనుముపై పెట్టు ఉద్యోగి మోసపోకుండ చూచుట సంఘము పనియే. అంతే కాదు. యంత్రమును ఎవరు కాపాడుదురు, ఎట్లు కాపాడుదురు, దానికి ఆయువు తీరినదని ఎవరు నిర్ణయింతురు అను ప్రశ్నలు రైలు పట్టాలపైనను, మెయిల్ మోటార్ సర్వీసులోను పనిచేయు మనకు కొత్తవి కావు. మేము చెప్పదలచినది ఒక్కటే. బండిని కొనుట ఒక దినపు పని; దానిని కాపాడుటయే నిజమైన యాజమాన్యము. కాపాడిన దానికి లిఖితపూర్వకమైన సాక్ష్యముండుట ఆ యాజమాన్యమునకు బలము.

జీపు మన చేతికి వచ్చిన విధము

రెండవ ప్రపంచ యుద్ధ కాలమున అమెరికాలో విల్లీస్, ఫోర్డు కర్మాగారములు రెండును కలిసి ఆరు లక్షలకు పైగా జీపులను తయారుచేసినవి. బాట లేని చోట సైనికుని మోయుటకు పుట్టిన బండి అది. 1945లో లుధియానాలో ఆరంభమైన మహీంద్రా సంస్థ ఆ దశకము చివర విల్లీస్ జీపులను మన దేశమున కూర్చుట మొదలుపెట్టినది. క్రమముగా భాగములన్నియు ఇచ్చటనే తయారగుటతో తహసీల్దారు మొదలు పోలీసు వరకు, అటవీశాఖ మొదలు వ్యవసాయ శాఖ వరకు ప్రభుత్వమనగా జీపు అను భావము పల్లెలలో ఏర్పడినది. సైన్యము కొరకు జబల్పూరు వాహన కర్మాగారము 1969 నుండి 1999 వరకు జోంగా అను బండిని తయారుచేసినది. 1985 డిసెంబరులో మారుతి సంస్థ 970 సి.సి. ఇంజనుతో జిప్సీని విడుదల చేసినది. 1996లో దానికి 1298 సి.సి. ఇంజను వచ్చినది. సామాన్య ప్రజలకు జిప్సీ అమ్మకము 2019 నాటికి నిలిచిపోయినది. మహీంద్రా థార్ 2010లోను, దాని కొత్త రూపము 2020 అక్టోబరులోను వచ్చినవి.

ఈ బండ్లలో ముఖ్యమైన విశేషము నాలుగు చక్రములకును ఇంజను బలము అందుట. ‘ఫోర్ వీల్ డ్రైవ్’ అని అందరును పిలుచునది ఇదియే. రెండవ విశేషము సరళత్వము. దృఢమైన నిచ్చెన వంటి ఛాసిస్, దానిపై విడిగా బిగించిన బాడీ, పాత నమూనాలలో ముందు వెనుకల కమాను పట్టీలు. సుత్తి, స్పానర్లు, గ్రీజు గన్ను ఉన్న ఏ ఊరి మెకానిక్కు అయినను దానిని విప్పి బిగించగలడు. కొత్తవలస-కిరండూలు మార్గమున పనిచేసిన మన సోదరులకు ఇది బాగుగా తెలియును. బొర్రా గుహల స్టేషనులో దిగి కటికి జలపాతమునకు పోవు రాళ్ల బాటపై జీపులే యాత్రికులను మోయుచున్నవి. మామూలు కారు ఒక్క వారము నిలువని బాటలో ఆ బండ్లు ఏండ్ల తరబడి తిరుగుచున్నవనిన, అందుకు కారణము ఇనుము ఒక్కటే కాదు, దానిని ప్రతి దినము చూచుకొను చేతులు కూడ.

వయస్సును గూర్చి రైల్వే నేర్పిన పాఠము

యంత్రపు ఆయువును వయస్సుతో మాత్రమే కొలువరాదనుటకు మన రైల్వేలోనే గొప్ప దృష్టాంతము కలదు. ‘ఫెయిరీ క్వీన్’ ఆవిరి ఇంజను 1855లో ఇంగ్లాండులోని లీడ్స్ నగరమున తయారైనది. దాదాపు తొంబది సంవత్సరములు సేవకు దూరముగా నిలిచిన తరువాత, 1997లో ఢిల్లీ కంటోన్మెంటు నుండి అల్వారునకు యాత్రికుల బండిని లాగినది. తరువాత భాగములు దెబ్బతిని మూలబడగా పెరంబూరు లోకో కార్మికులు దానిని బాగుచేసిరి. 2017లో అది మరల పట్టాలపైకి వచ్చినది. నూటయరువది సంవత్సరములు దాటిన ఇనుమును నడిపించినది అదృష్టము కాదు, ఫిట్టరు చేయి.

అట్లని వయస్సునకు విలువ లేదని చెప్పరాదు. మన పెట్టెలకు, ఇంజన్లకు కోడల్ లైఫ్ అని ఒక గడువు కలదు. ఐ.సి.ఎఫ్. పెట్టెకు దానిని 25 సంవత్సరములుగా లెక్కించినారు. ఐనను ప్రయాణికుల సేవనుండి తప్పించిన పెట్టెలనే పలుచోట్ల మార్చి, కొత్త మోటారు కార్లను మోయు వాగన్లుగా నడుపుచున్నాము. అనగా వయస్సు ఒక హెచ్చరిక; తీర్పు చెప్పవలసినది పరీక్ష. పీరియాడికల్ ఓవర్‌హాల్ జరుగని కొత్త పెట్టెకంటె, క్రమముగా జరిగిన పాత పెట్టె మేలని షాపులో పనిచేసిన ప్రతివానికి తెలియును.

ఢిల్లీలో పాత బండి ఎందుకు చౌక?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వత్తుము. 2014 నవంబరు 26న జాతీయ హరిత ట్రిబ్యునల్ 15 సంవత్సరములు దాటిన బండ్లు ఢిల్లీలో తిరుగరాదని ఉత్తరువిచ్చినది. 2015 ఏప్రిల్ 7న 10 సంవత్సరములు దాటిన డీజిల్ బండ్లను రాజధాని ప్రాంతమున నిషేధించినది. 2018 అక్టోబరు 29న సుప్రీంకోర్టు ఈ నిషేధమును అమలుపరచుమని ఆదేశించినది. 2025 జూలై 1 నుండి అట్టి బండ్లకు పెట్రోలు బంకులలో ఇంధనము పోయరాదని నిర్ణయించి, ప్రజలలో అలజడి లేచినందున కొలది దినములకే దానిని వాయిదా వేసినారు. అదే సంవత్సరము ఆగస్టు 12న సుప్రీంకోర్టు వయస్సు అను కారణముతో మాత్రమే యజమానులపై కఠిన చర్య తీసికొనరాదని చెప్పినది. డిసెంబరు 17న ఆ రక్షణ బి.ఎస్.-4, అంతకంటె కొత్త ప్రమాణముల బండ్లకే వర్తించునని సవరించినది. ఢిల్లీలో బి.ఎస్.-4 ప్రమాణము 2010 ఏప్రిల్‌లో అమలులోనికి వచ్చినది గనుక, అంతకు పూర్వపు బండ్లలో పెక్కు ఈ రక్షణకు వెలుపలనే నిలిచినవి.

ఇట్టి అనిశ్చిత స్థితిలో యజమాని భయపడి అమ్మును, ధర పడిపోవును. ఆ భయమే వర్తకుని లాభము. ఢిల్లీలో చౌకగా కొనిన బండిని నిరభ్యంతర పత్రముతో ఇతర రాష్ట్రములకు చేర్చి అమ్ముట ఒక పెద్ద వ్యాపారమైనది. మన మిత్రుడు ఆ గొలుసులో చివరి వ్యక్తి. అతనికి దక్కునది మంచి బండి కావచ్చును, రంగు పూసిన తుప్పు కావచ్చును.

ఈ ఉత్తర్వులు పలుమార్లు మారినవి గనుక బయానా ఇచ్చుటకు ముందు రవాణా శాఖ కార్యాలయమునకు స్వయముగా పోయి ఆనాటి స్థితిని విచారించవలెను. బ్రోకరు మాట ప్రమాణము కాదు. మరియొక రాష్ట్రములో పన్నెండు నెలలకు మించి ఉంచు బండికి అచ్చటి కొత్త నంబరు తీసికొనవలెనని మోటారు వాహనముల చట్టము చెప్పుచున్నది. ఆంధ్రప్రదేశ్‌లోనైనను, తెలంగాణలోనైనను లైఫ్ టాక్స్ కట్టవలెను. పాత బండికి గ్రీన్ టాక్స్ కూడ కలదు. పదునైదు సంవత్సరముల తరువాత రిజిస్ట్రేషను అయిదేసి సంవత్సరములకు మాత్రమే పొడిగింతురు. 2022 ఏప్రిల్ 1 నుండి కార్ల పునరుద్ధరణ రుసుము 600 రూపాయల నుండి 5,000 రూపాయలకు పెరిగినది. 2025 ఆగస్టులో ఇరువది సంవత్సరములు దాటిన వానికి 10,000 రూపాయలు చేసినారు. బండి ధరకు ఇవన్నియు కలిపి కూడినపుడే అసలు ధర తేలును.

కొనుటకు ముందు చూడవలసినవి

మొదట కాగితములు. రిజిస్ట్రేషను పుస్తకములోని ఇంజను నంబరును, ఛాసిస్ నంబరును ఇనుముపై చెక్కిన నంబర్లతో అక్షరమక్షరము పోల్చవలెను. ఛాసిస్ నంబరు చుట్టును కొత్త వెల్డింగు గాని, గరుకు గాని కనిపించిన బేరము విడిచిపెట్టుడు. బ్యాంకు అప్పు మిగిలియున్న యెడల బ్యాంకు ఇచ్చిన ముగింపు పత్రము కావలెను. జరిమానాలు మిగిలి ఉన్నవేమో, దొంగ బండిగా పోలీసు రికార్డులో నమోదైనదేమో చూడవలెను.

తరువాత ఇనుము. జీపును పైనుండి కాదు, క్రిందినుండి చూడవలెను. చాప పరచుకొని పడుకొని ఛాసిస్ పొడవునను, ముఖ్యముగా కమాను పట్టీలు బిగించిన చోటులను సుత్తితో మెల్లగా తట్టుడు. మంచి ఇనుము గణగణమనును. తుప్పు తిన్నది మొద్దుగా పలుకును. చక్రము తట్టి పగులును కనిపెట్టు కారేజి ఎగ్జామినరు సోదరులకు ఈ విద్య మేము నేర్పనక్కరలేదు. ఇంజనును చల్లగా ఉన్నపుడే స్టార్టు చేయించవలెను. మనము పోవునప్పటికే వేడిగా ఉన్న ఇంజను ఏదో దాచుచున్నదని అనుమానింపవలెను. నీలి పొగ వచ్చిన ఇంజను ఆయిలు కాలుచున్నది. నల్లని పొగ వచ్చిన ఇంధనము ఎక్కువై గాలి తక్కువైనది. వేడెక్కిన తరువాత కూడ తెల్లని పొగ ఆగనిచో రేడియేటరు నీరు ఇంజను లోపలికి పోవుచున్నదేమో చూడవలెను.

చివరగా, ఫోర్ వీల్ డ్రైవ్‌ను మట్టి నేలపై వేయించి, రెండు గేర్లలోను (హై, లో) నడిపించి చూడవలెను. ఏండ్ల తరబడి నగరములో తిరిగిన బండిలో ఆ కడ్డీని ఎవరును కదపక పోవుటచేత అది బిగుసుకొని యుండుట సాధారణము. పనిచేయని ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్న జీపు కేవలము బరువెక్కువ గల కారు మాత్రమే.

నడుపుటలో జాగ్రత్త

ఈ బండ్లను పాడుచేయునది కొండ కాదు, అవగాహన లోపము. పాత జీపు, జిప్సీ వంటి వానిలో ఫోర్ వీల్ డ్రైవ్ అవసరమైనపుడు మాత్రమే వేయునట్లు ఏర్పాటు చేసినారు. మలుపు తిరుగునపుడు ముందు చక్రములు, వెనుక చక్రములు వేరువేరు దూరములు పోవును. బురదలో, ఇసుకలో ఆ తేడాను చక్రములు జారి సర్దుకొనును. పొడి తారు రోడ్డుపై జారుటకు వీలులేక ఆ ఒత్తిడి అంతయు ట్రాన్స్‌ఫర్ కేసు మీదను, షాఫ్టుల మీదను, క్రాసుల మీదను పడును. కావున తారు రోడ్డెక్కగానే దానిని తీసివేయవలెను. నాలుగు టైర్లును ఒకే కొలతవి, ఇంచుమించు ఒకే అరుగుదల గలవి కావలెను. లేనియెడల అదే ఒత్తిడి ప్రతి గజమునను కలుగును.

వాగు దాటిన దినమున ఇంటికి వచ్చిన తరువాతనే అసలు పని మొదలగును. డిఫరెన్షియల్, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేసులకు గాలి ఆడు చిన్న బ్రీదరులు ఉండును. వేడెక్కిన పెట్టె చల్లని నీటిలో మునిగినపుడు ఆ బ్రీదరు గుండ, పాతబడిన సీలు గుండ నీరు లోపలికి పీల్చుకొనబడును. ఆయిలు పాలవలె తెల్లబారిన వెంటనే మార్చవలెను. “వచ్చే నెలలో చూతము” అనినచో బేరింగులు, పండ్ల చక్రములు తుప్పుపట్టును. బ్రేకు డ్రమ్ములలో చేరిన బురదను కడిగించి, చక్రముల బేరింగులను విప్పి కొత్త గ్రీజు పెట్టించవలెను. రేడియేటరు రెక్కల నడుమ ఎండిన బురద మరునాడు ఇంజనును వేడెక్కించును.

తిరుగుటకంటె ఊరక నిలబెట్టుట కొన్నిసార్లు ఎక్కువ హాని చేయును. నిలిచిన బండిలో బ్యాటరీ దిగిపోవును, ఇంధనము చెడును, రబ్బరు గొట్టములు బీటలు వారును, ఎలుకలు తీగలు కొరుకును. వారమునకొకసారి అయిదారు కిలోమీటర్లు నడపవలెను; ఊరక స్టార్టు చేసి ఆపుట చాలదు. టైరు పక్కనున్న నాలుగంకెలు దాని పుట్టిన తేదీ. 2319 అని ఉన్నచో 2019వ సంవత్సరపు ఇరువది మూడవ వారములో తయారైనదని అర్థము. కాడలు అరుగకున్నను వయస్సు మీరిన రబ్బరును నమ్మి ఘాటు రోడ్డు ఎక్కరాదు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొనును గనుక రెండు సంవత్సరములకొకసారి మార్చవలెను.

ఒక పుస్తకము, ఒక నిధి

ఇన్ని సంగతులు గుర్తుంచుకొనుట కష్టమని అందురు. మన రెండు శాఖలలో జ్ఞాపకముపై ఆధారపడి ఏ పనియు జరుగదు, రిజిస్టరుపై జరుగును. బండికి కూడ ఒక గట్టి అట్టల పుస్తకము పెట్టుడు. ఎడమవైపున తేదీ, మీటరు అంకె; కుడివైపున చేసిన పని, వేసిన భాగము, చేసిన చేయి. ప్రతి దినము నీరు, ఆయిలు, కారుట. ప్రతి వారము టైర్ల గాలి, బ్యాటరీ. ప్రతి నెల గ్రీజు గన్నుతో క్రాసులు, కమాను పిన్నులు, స్టీరింగు కీళ్లు. ప్రతి సంవత్సరము వానకు ముందు బ్రేకులు, వాన వెలిసిన తరువాత ఛాసిస్‌కు తుప్పు నివారణ రంగు. ఇంజను ఆయిలు మార్పు తయారీదారు పుస్తకములో చెప్పిన ప్రకారము. దుమ్ములో, బురదలో తిరుగు బండికి అంతకంటె ముందుగా.

పుస్తకముతో పాటు నిధి కావలెను. జీతమునుండి ప్రావిడెంటు ఫండు కోసినట్లే పింఛనునుండి ప్రతి నెల కొంత సొమ్ము బండి పేర వేరుగా పెట్టవలెను. కొనిన ధరలో పదియవ వంతునైనను సంవత్సరమునకు పక్కన పెట్టలేనివారు ఈ బండిని కొనకుండుటే మేలని మా సలహా. క్లచ్చి, టైర్లు, బ్యాటరీ ఒకే సంవత్సరములో వచ్చి పడినపుడు అప్పు చేయు పింఛనుదారు బండిని అనుభవించడు. బండియే అతనిని అనుభవించును.

కరోల్ బాగ్ వీధులు

దేశ విభజన తరువాత పంజాబునుండి వచ్చిన శరణార్థుల శ్రమతో పెరిగిన పేట ఇది. దక్షిణాది ఉద్యోగులు కూడ దశాబ్దముల క్రిందటనే ఇచ్చట ఇండ్లు తీసికొని కాపురముండిరి. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు 1948లో స్థాపించిన ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ వారి పాఠశాల ఒకటి ఇక్కడికి సమీపముననున్న ప్రసాద్ నగర్‌లో కలదు. అదే పేటలో నాయివాలా పరిసరములు మోటారు సైకిళ్లకు, వాని భాగములకు పేరుపడినవి. జీపు ఇంజను భాగముల కొరకు కాశ్మీరీ గేటునకు, పాత భాగముల కొరకు మాయాపురికి పోవుదురు. సీట్లు, దీపములు, అలంకారముల కొరకు కరోల్ బాగ్ వత్తురు. సోమవారము బజారు సెలవు.

ఇక్కడ రెండు హెచ్చరికలు. మొదటిది నకిలీ భాగములు. పాత భాగమును చేతపట్టుకొని పోయి, దానిపై నంబరు చూపి, కొలత పోల్చి కొనవలెను; రసీదు లేనిదే బ్రేకు భాగము, స్టీరింగు భాగము కొనరాదు. రెండవది అలంకారముల మోజు. బండి ముందర బిగించు ఇనుప గార్డులు చట్టవిరుద్ధమని కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రములకు వ్రాసినది. ఢీకొనినపుడు అవి పాదచారిని నలిపివేయును, లోపలివారి రక్షణ పరికరములకును అడ్డుపడును. తయారీదారు నిర్ణయించిన మూల నిర్మాణమును మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. మితిమీరిన వెడల్పు టైర్లు చక్రపు బేరింగులను, స్టీరింగును పాడుచేయును. ప్రమాదము జరిగిన నాడు బీమా సంస్థ చేతికి సాకు దొరకును. అలంకారముపై పెట్టు సొమ్మును గ్రీజుపై పెట్టుడు.

పనిచేయు చేతులు

ఈ వీధులలో తలవంచి పనిచేయుచున్న మెకానిక్కును గూర్చి మాటాడకుండ కార్మిక సంఘము ఈ ప్రసంగమును ముగించరాదు. పదిమందికి తక్కువ పనిచేయు దుకాణములు సాధారణముగా ఈ.ఎస్.ఐ. పరిధిలోనికి రావు. చేయి నలిగిన నాడు అతనికి సెలవు జీతము లేదు, ముదిమిలో పింఛను లేదు. నోటితో ఊది, గాలి గొట్టముతో చిమ్మి బ్రేకు డ్రమ్ములు శుభ్రపరచుట వలన లేచు ధూళి ఊపిరితిత్తులకు హాని. పాత బ్రేకు లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండవచ్చును. తడిగుడ్డతో తుడిపించుట యజమానిగా మన బాధ్యత. వాడిన ఆయిలును కాలువలో పోయనీయరాదు. కూలి బేరమాడునపుడు మన ఓవర్‌టైము బేరములను గుర్తుతెచ్చుకొనుడు. అసంఘటిత కార్మికుల నమోదు కొరకు 2021 ఆగస్టులో ఆరంభమైన ఈ-శ్రమ్‌లో పేరు వ్రాయించుకొనుటకు అతనికి సహాయపడుట మనలో ఎవరికైనను ఒక్క గంట పని. తపాలా సోదరులు దరఖాస్తు నింపుటలో అందెవేసిన చేతులు గదా.

మన వైఖరి

వయోపరిమితి విషయమున సంఘము ఏ పక్షమున నిలువవలెనని మమ్ము అడుగుచున్నారు. మా సమాధానము సూటిగా చెప్పుచున్నాము. ఢిల్లీ గాలిని పీల్చువారిలో మొదటివాడు వీధి వీధి తిరుగు పోస్టుమాన్. రెండవవాడు పట్టాలపై పగలంతయు నిలుచు ట్రాక్‌మాన్. డీజిల్ పొగ కాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన సంస్థ 2012లోనే ప్రకటించినది. కావున నల్లని పొగ చిమ్ము బండిని, అది మనదైనను, సమర్థించుట మన పని కాదు. బి.ఎస్.-3, అంతకు పూర్వపు డీజిల్ జీపును ఎంత శ్రద్ధగా కాపాడినను అది కొత్త ప్రమాణపు బండివలె శుభ్రముగా నడువదు. దానిని రాజధానిలో ఉంచవలెనని పట్టుబట్టుట న్యాయము కాదు.

కాని వయస్సును మాత్రమే చూచి, స్థితిని చూడకుండ, పేదవాని ఏకైక బండిని ఇనుప ముక్కల ధరకు పంపుటయు న్యాయము కాదు. 2023 ఏప్రిల్ 1 నుండి పదునైదు సంవత్సరములు దాటిన ప్రభుత్వ వాహనముల రిజిస్ట్రేషను పునరుద్ధరింపరాదను నియమము వచ్చినది. సైనిక, శాంతిభద్రతల ప్రత్యేక వాహనములకు మినహాయింపు కలదు. మన డిపోలలోని బండ్లు పోవునపుడు వాటి స్థానములో కొత్త బండ్లు రావలెను, వాటితోపాటు డ్రైవరు పోస్టు, మెకానిక్కు పోస్టు కూడ నిలువవలెను. ఇనుమును తుక్కు చేయుట సులభము; ముప్పది ఏండ్ల చేతి నైపుణ్యమును తుక్కు చేసిన మరల తెచ్చుకొనలేము.

అందువలన మేము కోరునవి మూడు. విశ్వసనీయమైన యంత్ర పరీక్ష ప్రతి జిల్లాలోను సరసమైన రుసుముతో అందుబాటులో ఉండవలెను. పరీక్షలో ఓడిన బండి వయస్సుతో నిమిత్తము లేకుండ రోడ్డునుండి తొలగవలెను. తొలగిన బండికి యజమానికి ముట్టు సొమ్ము న్యాయముగా ఉండవలెను. యాభై సంవత్సరములు దాటి, మూలరూపములో నిలిచిన పాత జీపు ఉన్నవారికి 2021 జూలై నియమముల క్రింద వింటేజ్ నమోదు కలదు. అది ప్రదర్శనకే గాని నిత్యోపయోగమునకు కాదని మరువరాదు.

ఇక ఊరికి పోవు మిత్రులకు చివరి మాట. ఏటవాలు పొలము, బురద డొంక, వాగు అవతలి తోట ఉన్నవారికి జీపు నిజముగా పనిముట్టు. తారు రోడ్డు పక్కన ఇల్లున్నవారికి అది మోజు మాత్రమే; వారికి చిన్న కారో, మోటారు సైకిలో చాలును. పనిముట్టుగా కొనదలచినవారు తొందరపడక ఇద్దరు అనుభవజ్ఞులను వెంటబెట్టుకొని పోవుడు. మన శాఖలో డీజిల్ షెడ్డు ఫిట్టర్లకు, మెయిల్ మోటార్ మెకానిక్కులకు కొరత లేదు. బండి క్రింద పడుకొని చూచుటకు వారు వెనుదీయరు. సంఘ కార్యాలయములో ఒక నమూనా సంరక్షణ పుస్తకమును ఉంచుదుము. కావలసినవారు చూచి వ్రాసికొనవచ్చును. బండి కొనిన దినముననే దాని మొదటి పుటలో మీటరు అంకె వేసి, మొదటి గ్రీజు పెట్టిన తేదీ వ్రాయుడు.